రాలిన ఆకులకు నిప్పు పెట్టొద్దు: చెట్టునీ ఇంటినీ కాపాడుకుందాం



శివరాత్రి దాటితే వేప, కానుగ, రావి చెట్లు ఆకు రాలుస్తాయి. వాకిలి ఊడ్చి, ఆకులన్నీ చెట్టు మొదట్లోకి తోసి అగ్గిపుల్ల గీసేయడం చాలా ఊళ్లలో అలవాటు. ఈ ఒక్క అలవాటు చెట్టుకూ చేటు, ఇంటికీ చేటు. ఎందుకో, దానికి బదులు ఏం చేయాలో చూద్దాం.

చెట్టుకు ఏమవుతుంది?

చెట్టు ప్రాణమంతా బెరడు కిందే ఉంటుంది. ఆకులు తయారుచేసిన ఆహారం అక్కడి పలుచని పొర గుండానే వేర్లకు దిగుతుంది. సుమారు 60 డిగ్రీల వేడి తగిలితే ఆ పొర చచ్చిపోతుంది. పైకి బెరడు కాస్త నల్లబడినట్టే కనిపిస్తుంది. కానీ చుట్టూ కాలితే వేర్లకు తిండి అందక చెట్టు మెల్లగా ఎండిపోతుంది. ఎండిన కొమ్మ గాలివానకు కరెంటు తీగల మీదో, మనుషుల మీదో పడుతుంది.

మొదలు చుట్టూ సిమెంటు వేసినా కష్టమే, వేర్లకు నీరు, గాలి అందవు. అందుకే 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. బోర్డుల కోసం మేకులు కొట్టడం కూడా చెట్టుకు గాయమే.

పెద్ద చెట్టును పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోలేం. తెలంగాణలో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పడితే, 2018లో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు సీసాలతో మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. అంత పాటు పడేకంటే ముందే జాగ్రత్తపడటం సులువు కదా.

ఇంటికి ఏమవుతుంది?

ఎండాకాలం గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు, పక్కింటి పూరికప్పు మీదో, గడ్డివాము మీదో పడుతుంది. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడిలో భోజనం వండే చోట పుట్టిన మంట పూరికప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ బడి మన రాష్ట్రంలోనిదే. అందుకే ఈ సంగతి ప్రతి ఏడూ చెప్పుకోవాలి.

వంటింట్లో చూడాల్సినవి

1. సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. బి-27 అని ఉంటే 2027 జూన్ లోపల మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. గడువు దాటినది తీసుకోవద్దు.

2. రబ్బరు ట్యూబును అయిదేళ్లకొకసారి, పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి.

3. గ్యాసు గాలికంటే బరువు, నేలబారున నిలుస్తుంది. వాసన వస్తే స్విచ్చు వేయొద్దు, ఆర్పొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

4. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఎగజిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయండి.

5. ఒళ్లు కాలితే 20 నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టండి. పేస్టు, పసుపు, ఇంకు పూయొద్దు.

ఫోనులో తమిళంలో చెప్పడం నేర్పండి

అగ్నిమాపక దళానికి 101, ఏ ఆపదకైనా 112. మన ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటాం, ఫోను ఎత్తేవారు మాత్రం తమిళంలో అడుగుతారు. భయంలో మాట తడబడుతుంది. అందుకే "వీట్టుల తీ పుడిచిరుక్కు" అని చెప్పి, వీధి పేరు, దగ్గరి గుడి లేదా బడి గుర్తు చెప్పడం పిల్లల చేత ముందే పలికించండి. చిన్నవాళ్లకు ఇంకో మాట: మంట చూసి మంచం కింద దాక్కోకూడదు, బయటికి పరుగెత్తి పెద్దవాళ్లను పిలవాలి.

మరి ఆకులేం చేయాలి?

పెరట్లో గుంట తీసి ఆకులు వేయండి, పైన కాస్త పేడనీళ్లు చల్లి మట్టి కప్పండి. కొన్ని నెలల్లో ఎరువవుతుంది. కొన్ని ఆకులు చెట్టు చుట్టూ, మొదలుకు జానెడు ఎడంగా పరిస్తే తేమ నిలుస్తుంది. తీగలకు తగిలే కొమ్మలను మీరే నరకకండి, కరెంటు ఆఫీసుకు చెప్పండి. వీధి చెట్ల సంగతి పేరూరాట్చికి తెలపండి.

విద్యార్థులారా, ఈ ఆదివారం ఇంట్లో సిలిండరు అక్షరం చూసి, మీ వీధిలో కాలిన మొదలున్న చెట్లు లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకుని రండి. తరగతిలో మాట్లాడుకుందాం.