పండుగ మూడు రోజులూ వంటింట్లోనేనా?

సంక్రాంతి దగ్గర పడిందని పల్లెలో అందరికంటే ముందు తెలిసేది పిండిమర దగ్గర. తడిబియ్యం గిన్నెలు తెల్లవారేసరికే వరుస కడతాయి. ఎవరి వంతు ముందో తేలక మాటా మాటా పెరుగుతుంది. ఆ వరుసలో నిలబడే ఇల్లాళ్లను చూస్తే పండుగ వస్తున్న సంతోషం కంటే, "ఇంకా ఎన్ని పనులున్నాయో" అన్న దిగులే ఎక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి వచ్చే రైళ్లు, బస్సులు భోగి తెల్లవారుజామున తణుకు, భీమవరం, పాలకొల్లు, నరసాపురాల్లో జనాన్ని దింపుతాయి. కూతుళ్లు, అల్లుళ్లు, కొడుకులు, కోడళ్లు, మనుమలు అందరూ వస్తారు. ఇల్లు కళకళలాడుతుంది. ఆ కళంతా వంటింటి పొగ చాటు నుంచే చూసే మనిషి ఒకరుంటారు. ఆమె ఆ ఇంటి ఇల్లాలు.

తణుకు దగ్గర ఒక పల్లెలో రెండేళ్ల కిందట జరిగిన సంగతి ఇది. ఇంటికి చుట్టాలు 20 మంది వచ్చారు. భోగి మధ్యాహ్నం గ్యాసు అయిపోయింది. ఇంకో సిలిండరు లేదు. పెరట్లో కట్టెల పొయ్యి రాజేద్దామంటే ముందు రోజు మంచుకు పుల్లలు తడిసి ఉన్నాయి. పెద్ద పండుగ నాడు ఇంటావిడ విస్తరి ముందు కూర్చునేసరికి సాయంత్రం నాలుగు. అప్పటికి గారెలు లేవు, పులిహోర అడుగంటింది. కనుమ మర్నాడు బస్సెక్కబోతూ కూతురు, "ఈసారి నీతో కూర్చుని మాట్లాడనే లేదమ్మా" అంది.

"నడుం నొప్పి నాలుగు రోజుల్లో పోయింది. ఆ మాట మాత్రం ఏడాది పొడుగునా గుచ్చుతూనే ఉంది" అంటారావిడ. అందుకే నిరుడు ఆమె పదిహేను రోజుల ముందే మనుమడి పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని కూర్చున్నారు. ఆ పుస్తకంలో ఏముందో తెలుసుకుంటే ప్రతి ఇంటికీ పనికి వస్తుంది.

ముందు లెక్క, తరువాతే వంట

మొదటి పేజీలో ఆమె రాసింది వంటకాల పేర్లు కాదు, మనుషుల పేర్లు. ఎవరు ఏ రోజు వస్తారు, ఏ రోజు వెళతారు, పసిపిల్లలెందరు, పెద్దవాళ్లెందరు, చక్కెర జబ్బు ఎవరికి, ఉప్పు తగ్గించి తినేవారెవరు అని రాసుకున్నారు.

ఇక్కడ చాలామంది లెక్క తప్పేది ఒక చోట ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. కాబట్టి చుట్టాలు కనుమ నాటికి వెళ్లిపోతారనుకోరాదు. ముక్కనుమ పొద్దుటి ఫలహారం దాకా ఇంట్లోనే ఉంటారు. 20 మంది, మూడు రోజులు, రోజుకు రెండు భోజనాలు. అంటే 120 విస్తళ్లు. ఉదయం ఫలహారాలు, సాయంత్రం కాఫీలు దీనికి అదనం. ఈ అంకె ఒకసారి కాగితం మీద పడితే మిగతా లెక్కలన్నీ వాటంతటవే దారికి వస్తాయి.

పిండివంటలు, కూరలు ఉన్న పూట తలకు 120 గ్రాముల బియ్యం సరిపోతుంది. ఆ చొప్పున మూడు రోజులకు 15 కిలోల బియ్యం సిద్ధంగా ఉండాలి. పొలం పని చేసే వయసు వారు ఎక్కువమంది ఉంటే మరో రెండు మూడు కిలోలు కలుపుకోవాలి. 20 మందికి పూటకు 700 గ్రాముల కందిపప్పు, రెండున్నర నుంచి మూడు లీటర్ల పెరుగు కావాలి. కోడికూర వండితే మూడున్నర, నాలుగు కిలోల మాంసం సరిపోతుంది. పెరుగుకు పాలు పోసే వారికి వారం ముందే చెప్పి ఉంచాలి. పండుగ పూట అడిగితే వారు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

కొత్తబియ్యం, పాతబియ్యం కలపరాదు. కొత్తబియ్యం పొంగలికి, పరమాన్నానికి బాగుంటుంది. పులిహోరకు మాత్రం పాతబియ్యమే వాడాలి. కొత్తబియ్యానికి నీరు కాస్త ఎక్కువైనా అన్నం ముద్దవుతుంది.

అప్పు చేసి అరిసెలు వద్దు

రెండో పేజీలో డబ్బు లెక్క. ఇంట్లో ఉన్నవి ఒక వైపు, కొనవలసినవి ఇంకో వైపు రాసుకున్నారు. పెరట్లో గుమ్మడికాయ, పాదున చిక్కుడు, దొడ్లో అరిటాకులు ఉన్నవారు బజారులో అవే కొనుక్కురావడం ప్రతి ఏడాదీ చూస్తున్నదే. పచారీ సామాను పదిహేను రోజుల ముందే తెచ్చుకుంటే పండుగ ముందు రద్దీలో దొరికిందే చాలనుకుని తెచ్చుకునే అవస్థ ఉండదు.

కొత్త అల్లుడు వస్తున్న ఇంట్లో ఈ పేజీ మరీ ముఖ్యం. 2022 జనవరిలో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. కలిగినవారు ముచ్చట తీర్చుకుంటే కాదనేవారు లేరు. కాని దాన్ని చూసి ఎకరం, అరెకరం రైతు కూడా యాభై రకాలకు తగ్గితే చిన్నతనమనుకుంటే చిక్కు. పండుగ మూడు రోజులది, దాని అప్పు మూడేళ్లది. ఒక తీపి, ఒక కారం, పప్పు, రెండు కూరలు, పులుసు, పులిహోర, గారె, పెరుగు వేడిగా, వేళకు వడ్డిస్తే ఏ అల్లుడూ వంక పెట్టడు. పెడితే ఆ వంక వంటలో లేదు.

ఏది ఎప్పుడు?

వంటలను మూడు జాతులుగా విడదీయడమే ఈ పుస్తకంలోని అసలు కిటుకు. వారం ముందే చేయదగినవి, ముందు రోజు చేయదగినవి, ఆ పూటే చేయవలసినవి.

పది రోజుల ముందు: పప్పులు బాగుచేసి ఎండబెట్టుకోవాలి. కారం, ధనియాల పొడి సిద్ధం చేసుకోవాలి. గుండిగలు, మూకుళ్లు అటక మీద నుంచి దింపి తోముకోవాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయి ఉంటే పులుపు వండరాదు. దుప్పట్లు, బొంతలు ఎండలో వేయడం కూడా ఈ రోజుల్లోనే.

వారం ముందు: జంతికలు, చెక్కలు, సున్నుండలు, అరిసెలు. ఇవన్నీ నిలవ ఉండేవే. అరిసెలకు కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చాలు. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి. అందుకే మర దగ్గర వరుస తక్కువగా ఉండే రోజు చూసుకుని బియ్యం నానబోయాలి గాని, నానబోసి వరుసకు పరుగెత్తరాదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విరిగిపోతుంది. ముదిరితే రాయవుతుంది. ఏ పిండివంటైనా పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే చెమ్మపట్టి నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది.

ఓపిక లేని వారు అరిసెలు కొనుక్కోవచ్చు. ఇంటి దగ్గర వండి అమ్మే ఆడవారు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించుకుంటే ఎవరూ తప్పు పట్టరు గదా, అరిసెల విషయంలో మాత్రం నామోషీ ఎందుకు?

రెండు రోజుల ముందు: పులిహోర పులుసు ఉడికించి పెట్టుకోవచ్చు. కిలో బియ్యానికి సుమారు 100 గ్రాముల చింతపండు. ఉప్పు, పసుపు, నూనె వేసి దగ్గర పడేదాకా ఉడికిస్తే చెడిపోదు. పండుగ పొద్దున అన్నం ఆరబోసి, పులుసు కలిపి, పోపు పెడితే అరగంటలో పని అయిపోతుంది. గుమ్మడి, కంద ఎప్పుడో తెచ్చినా ఉంటాయి. చిక్కుడు, వంకాయ ఒక రోజు ముందు చాలు. కొత్తిమీర, కరివేపాకు ముందు సాయంత్రమే తేవాలి.

ముందు రోజు: ఇడ్లీ పిండి మధ్యాహ్నానికల్లా రుబ్బాలి. ఈ చలికి పిండి పులియడానికి ఎక్కువ సేపు పడుతుంది. రాత్రి రుబ్బితే తెల్లవారి ఇడ్లీ పొంగదు. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే మామూలు కంటే కాస్త ఎక్కువ తోడు వేసి, గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి పెడితే పెరుగు తోడుకుంటుంది.

ఆ పూటే: గారెలు, పరమాన్నం, అన్నం, కొబ్బరి పచ్చడి. గారెల పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే గాని పోయరాదు. ఉప్పు వేసేది మూకుడు పొయ్యి మీదికి ఎక్కాకే. ముందే వేస్తే పిండి జారుగా అయి నూనె పీలుస్తుంది. పరమాన్నం దించి కాస్త ఆరాక కరిగించి వడకట్టిన బెల్లం కలపాలి. మరుగుతుండగా వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. ఇరవై మంది ఎదుట పాలు విరిగితే ఇల్లాలి మొహం చూడలేం.

పొయ్యి దగ్గర జాగ్రత్త

ఇంటి సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. మామూలుగా నెలకు పైగా వచ్చే సిలిండరు పండుగ వంటలకు అలా రాదు. కనీసం వారం ముందే బుక్ చేసి, నిండు సిలిండరు ఒకటి చేతిలో ఉంచుకోవాలి. పెద్ద మూకుడు వంటలకు పెరట్లో కట్టెల పొయ్యి మేలు. పుల్లలు పది రోజుల ముందే కొట్టి, మంచు తగలకుండా చూరు కింద పేర్చుకోవాలి. పొయ్యి గడ్డివాముకు దూరంగా ఉండాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయరాదు. నిప్పు ఎగిసి మీద పడుతుంది. గ్యాసు కట్టేసి, పెద్ద మూతతో మూకుడు మూసేయాలి. కాగే నూనె దగ్గరకు పిల్లలను రానివ్వరాదు.

కోడిమాంసం ఉదయం తెచ్చి ఉదయమే వండాలి. మాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడగనిదే దానిమీద పచ్చి ఉల్లి, నిమ్మ కోయరాదు. పెద్ద గుండిగలో మూతపెట్టి వదిలేసిన అన్నం చాలాసేపటికి గాని చల్లారదు. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరిగి విషం చేరవచ్చు. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పగటి అన్నం రాత్రికి ఉంచే కంటే ఏ పూటకు ఆ పూట కొద్దిగా వండుకోవడమే క్షేమం. ముద్ద మిగిలిపోయినా ఫరవాలేదు గాని, పండుగ పూట పిల్లలను ఆస్పత్రికి మోయరాదు.

వడ్డించే మనిషికి విస్తరి ఏది?

నోటుపుస్తకంలో చివరి పేజీ ఇంట్లో అందరికంటే ఎక్కువ తర్జనభర్జనకు దారితీసిందట. అందులో ఎవరి పని ఏమిటో పేర్లతో సహా రాశారు. కొబ్బరి తురమడం పెద్దల్లుడిది. మంచినీళ్లు, అరిటాకులు మనుమలవి. గ్యాసు, కట్టెలు, పాలు ఇంటి యజమానివి. రెండో బంతికి వడ్డించేది కొడుకు. "అల్లుడి చేత కొబ్బరి తురిమిస్తావా?" అని యజమాని అడ్డు చెప్పారు. "తిన్న చేయి తురమలేదా?" అని అత్తగారే కోడలి తరఫున మాట్లాడారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కాని ఏటేటా కడబంతిలో కూర్చునేది వడ్డించిన మనిషే. ఆమెకు మిగిలేది గుండిగ అడుగు. ఈ ఆచారం అలవాటుగా వచ్చింది. అలవాటును ఇంట్లోవాళ్లే మార్చుకోవచ్చు. మొదటి బంతిలో పిల్లలు, పెద్దవాళ్లు. రెండో బంతిలో మగవారు, ఆడవారు కలిసి. ఇల్లాలు ఆ రెండో బంతిలో కూర్చోవాలి. ఆమె విస్తరిలో గారె వేడిగా పడాలి.

నిరుడు ఆ ఇంట్లో అన్నీ అనుకున్నట్టే జరిగాయా అంటే, లేదు. కొడుకు సాంబారు రెండుసార్లు ఒలకబోశాడు. అల్లుడు తురిమిన కొబ్బరిలో చిప్ప పొట్టు వచ్చింది. ఉన్న అరిటాకుల్లో సగం చిరుగులే. అయినా పెద్ద పండుగ నాడు ఒంటి గంటన్నరకు ఇంటావిడ చేయి కడుక్కుని లేచారు.

కనుమ నాటి మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వీధి అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నారు. నగరంలో ఉద్యోగం సంగతి, ఆరు నెలలుగా దాచుకున్న తలనొప్పుల సంగతి, ఫోనులో చెప్పలేనివన్నీ కూతురు అప్పుడు చెప్పింది. పండుగ వెళ్లిన మూడో రోజున తల్లి ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లారు. కళ్లజోడు మారిస్తే చాలన్నారు. "ఆ గంట తీరిక లేకపోతే ఆ సంగతి నాకు ఎప్పటికి తెలిసేదో" అంటారావిడ.

నోటుపుస్తకం ఇప్పటికీ అటక మీద పిండివంటల డబ్బా పక్కనే ఉంది. ఈసారి అందులో ఒక పంక్తి కొత్తగా చేరింది: "అరిటాకులు పది ఎక్కువ కోయించాలి."