సీసీ కెమెరాకు సర్టిఫికెట్ సరే.. ఫిట్టింగ్‌కు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాలా ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఇంటికి సీసీ కెమెరా పెట్టిస్తే దుబాయ్ నుంచే ఫోన్‌లో చూసుకోవచ్చు. మరి ఇంకెవరూ చూడకూడదంటే?

2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త కెమెరాలకు కేంద్రం సైబర్ భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. పాసైతేనే బీఐఎస్ రిజిస్ట్రేషన్. కానీ అది కెమెరాకే, ఫిట్టింగ్‌కు కాదు.

యూరప్‌లో ఫిట్టింగ్, సర్వీసింగ్ చేసే సంస్థలకు కూడా ఈఎన్ 16763 అనే ప్రమాణం 2017లో వచ్చింది. ఒక దేశపు సర్టిఫికెట్ అన్ని దేశాల్లో చెల్లాలన్నది అక్కడి కంపెనీల సంఘం యూరాలార్మ్ వాదన.

ఇక్కడ మాత్రం జాగ్రత్త ఇంటివాళ్లదే. బిల్లుపై మోడల్ నంబర్ రాయించుకోండి. ఫిట్టింగ్ అతను వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చండి. యాప్‌లో ఎవరి ఫోన్లు కలిసున్నాయో చూడండి. కెమెరా గేటు వైపే ఉండాలి, ఆడవాళ్లు తిరిగే వాకిలి వైపు కాదు.