భోగికి ముందు రోజు కుర్చీ ఖాళీ ఉండదు

సంక్రాంతికి కటింగు చేయించుకునేవాళ్లకు గడువు సంక్రాంతి కాదు, భోగికి ముందు రోజు రాత్రి. భోగి నాడు తెల్లవారకముందే మంటలు వేస్తారు. ఆ వెంటనే తలకు నువ్వుల నూనె పట్టించి, కుంకుడు రసంతో తలంటి, కొత్త బట్టలు కడతారు. ఆ తర్వాత పండగ మూడు రోజులూ క్షవరం మాట ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. కాబట్టి ఎంతమంది ఉన్నా ఆ ఒక్క రోజులోనే అయిపోవాలి. తణుకు దగ్గర ఒక పల్లెలో నాకు రెండు కుర్చీల షాపు ఉంది. ఒక కుర్చీ దగ్గర నేను, రెండో కుర్చీ దగ్గర మా తమ్ముడు. చివరి నిమిషంలో వచ్చినా తల చక్కగా కుదరాలంటే ఏం చెయ్యాలో, ఏం అడగకూడదో కుర్చీ వెనక నిలబడేవాడిగా చెబుతాను.

2026లో భోగి జనవరి 14, బుధవారం వచ్చింది. అంటే ముందు రోజు మంగళవారం. మామూలుగా మంగళవారం మా షాపులు తీయం. ఆ రోజు కత్తెర పట్టకూడదన్నది పాత పట్టింపు, మాకు వారానికి ఒక రోజు విశ్రాంతి కూడా. ఈసారి మాత్రం తెరుచుకోవచ్చని మా సంఘం పెద్దలు ముందే చెప్పారు. పట్టింపు ఉన్న పెద్దవాళ్లంతా సోమవారం రాత్రికే చేయించుకుని వెళ్లిపోయారు. మంగళవారం వచ్చినవాళ్లలో చాలామంది ఆ ఉదయమే హైదరాబాద్ బస్సు దిగిన కుర్రాళ్లు. సెలవు ఖరారయ్యేది చివర్లో, టికెట్టు దొరికేది ఇంకా చివర్లో. ఇంత ఆలస్యమేంట్రా అని నేను ఎవరినీ అడగను.

వాళ్లుండే చోట నా షాపు కంటే పెద్దవి, ఏసీవి ఎన్నో ఉంటాయి. అయినా జుట్టు పెంచుకుని ఇక్కడిదాకా వస్తారంటే దానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచి చూసిన తల కాబట్టి సుడి ఎక్కడుందో నా చేతికి తెలుసు. నడినెత్తి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటే సుడి. కొందరికి అది ఎడమకు తిరుగుతుంది, కొందరికి కుడికి, కొందరికి రెండు ఉంటాయి. అక్కడ వెంట్రుక మొలవడమే పక్కకు వాలి మొలుస్తుంది. పొడుగు ఉంటే దాని బరువుకు అదే పడుకుంటుంది. తల అంతటితో సమానంగా పొట్టిగా కత్తిరిస్తే లేచి నిలబడుతుంది, ఎంత దువ్వినా అణగదు. అందుకే సుడి చుట్టూ వేలెడు మేర కొంచెం పొడుగు ఉంచి, దువ్వెన కాకుండా వేళ్ల మధ్య పట్టుకుని, అది తిరిగే వైపే కత్తెర నడపాలి. రెండు సుళ్ల తలైతే ఆ మధ్య జాగాను చివరిదాకా ముట్టుకోకూడదు. కొత్త షాపులో ఎంత మంచి పనివాడైనా మొదటిసారే ఇది పట్టుకోవడం కష్టం. మీ సుడి సంగతి కూర్చోగానే మీరే చెప్పండి.

నిజానికి పండగ కటింగుకు మంచి సమయం నాలుగైదు రోజుల ముందు. తల వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. నాలుగు రోజుల్లో పెరిగేది ఒక మిల్లీమీటరు, మరికాస్త. ఆ కాస్త పెరుగుదలతోనే కత్తెర గీతలు కలిసిపోతాయి, మెడ దగ్గర తెల్లగా కనిపించే అంచు తగ్గుతుంది. ఆ అవకాశం లేనివాళ్లకు నా సలహా ఒక్కటే. ఆ రోజు కొత్తది అడగొద్దు. ఫోనులో హీరో ఫొటో చూపించి ఇలాగే కావాలంటారు. ఆ హీరోది ఒత్తయిన, సాఫైన జుట్టు, మీది ఉంగరాల జుట్టు అయితే ఆ కటింగు మీ తల మీద మరోలా ఉంటుంది. అది బాగుంటుందో లేదో చూసుకుని దిద్దడానికి రెండో విడత కావాలి. ఆ రాత్రి రెండో విడత లేదు. ఫేడ్ సరిగ్గా చేస్తే ముప్పావు గంట పడుతుంది. బల్ల మీద పది మంది ఎదురుచూస్తుంటే దాన్ని ఇరవై నిమిషాల్లో ముగించమనడం మీ తలకే నష్టం.

పాత కటింగే చెయ్యమనండి. చెవుల మీదికి వచ్చిన జుట్టు, మెడ వెనక అంచు, చెంపలు, ఈ మూడూ శుభ్రంగా తీస్తే పావుగంటలో మొహం మారిపోతుంది. పైన కాస్త తక్కువే తీయించుకోండి. మిగిలింది తర్వాతైనా తీయొచ్చు, తీసేసింది అతికించలేం. తల స్నానం చేసి, ఆరబెట్టుకుని, నూనె రాయకుండా రండి. నూనె జుట్టు అట్టకట్టి ఉంటుంది, ఎక్కడ ఎంత పొడుగుందో తెలియదు, ట్రిమ్మర్ పళ్లు కూడా పూడుకుపోతాయి. తడిపిన జుట్టు సాగుతుంది, ఆరాక పొట్టిదవుతుంది. మేము ఆ తేడా చూసుకునే కత్తిరిస్తాం, అంచేత తడిగా ఉన్నప్పుడు అద్దంలో చూసి ఇంకా తీయమని తొందరపెట్టకండి. మిషను కటింగైతే నంబరు గుర్తుపెట్టుకోవడం మంచిది. ఒకటో నంబరంటే సుమారు 3 మిల్లీమీటర్లు, రెండో నంబరు 6. ‘చిన్నగా’ అన్న మాట ఒకరికి రెండో నంబరు, ఇంకొకరికి నాలుగో నంబరు.

రంగు మాత్రం ఆ రోజు నేను వెయ్యను. ఎంత తెలిసినవాళ్లు అడిగినా వెయ్యను. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది కొందరికి పడదు. రెప్పలు వాచిపోతాయి, నుదురు, చెవులు దురదపెట్టి నీరు కారతాయి. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకు కూడా ఒక రోజు హఠాత్తుగా పడకపోవచ్చు. అందుకే చెవి వెనక చుక్క రాసి 48 గంటలు చూడమని పెట్టె మీదే రాస్తారు. ఆ రెండు రోజుల సమయం భోగికి ముందు రోజు వచ్చినవాళ్లకు ఎక్కడిది? నల్ల హెన్నా అయితే ఫరవాలేదు కదా అంటారు. గోరింటాకు సహజంగా ఇచ్చేది ఎర్రటి రంగు. నల్లగా పండిస్తుందంటే అందులో ఇంకేదో కలిపారని అర్థం, చాలాసార్లు ఆ కలిపేది పీపీడీయే. పండగ పూట తెల్ల వెంట్రుకలు కనిపిస్తే ఎవరికీ ఏమీ కాదు.

ఇక బ్లేడు. మా నాన్న రోజుల్లో కత్తిని సానరాయి మీద నూరి, తోలు పట్టా మీద రుద్ది, ఊరందరికీ అదే వాడేవారు. ఇప్పుడు బ్లేడు సగానికి విరిచి కత్తికి తొడుగుతాం, మనిషి మారగానే అది మారాలి. గంటల తరబడి రద్దీ ఉన్న రోజునే ఈ నియమం జారిపోయే ప్రమాదం ఎక్కువ. హెపటైటిస్ బి క్రిమి ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతకగలదు, కంటికి కనపడనంత రక్తం చాలు. ‘బాబాయ్, కొత్త బ్లేడు వెయ్యి’ అని మొహమాటం లేకుండా అడగండి. నాకైతే కోపం రాదు, వచ్చేవాడి దగ్గర గడ్డం గీయించుకోకండి. పటిక ముక్క కూడా అంతే. ఒకే ముక్కను అందరి గాట్ల మీదా రుద్దకూడదు. మా షాపులో పొడి చేసి, కాస్త దూది మీద వేసి అద్దుతాం.

మధ్యాహ్నం పూట పిల్లలు వస్తారు. కుర్చీ చేతుల మీద చెక్క వేసి కూర్చోబెడతాను. భోగి సాయంత్రం వాళ్ల నెత్తిన రేగుపళ్లు, చెరుకు ముక్కలు, చిల్లర కలిపి భోగిపళ్లు పోస్తారు కదా, ఆ ఫొటోల కోసం తల్లులకు తొందర. మొన్న ఒక తాతగారు రెండేళ్ల మనవణ్ణి ఎత్తుకొచ్చారు. జుట్టు మెడ దాకా పాకింది. కత్తెర తీసే ముందు ఎప్పుడూ అడిగే మాటే అడిగాను.

“పుట్టెంట్రుకలు తీయించారా బాబుగారూ?”

“తీయించే ఉంటారులేరా, చిన్నగా కొట్టెయ్.”

“ఒక్కసారి అమ్మాయిగారికి ఫోను చెయ్యండి.”

చేశారు. తిరుపతి మొక్కట, ఉగాది వెళ్లాక కొండకు వెళ్లి తీయిస్తారట. పిల్లాడికి నుదుటి మీద పడుతున్న జుట్టును పైకి దువ్వి, పిలక కట్టి పంపాను. పెద్దవాళ్ల విషయంలోనూ ఇలాంటివి ఉంటాయి. భార్య కడుపుతో ఉంటే భర్త క్షవరం చేయించుకోని ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మాల తీసేదాకా గడ్డం తీయరు. ఎంత రద్దీగా ఉన్నా ఆ ఒక్క ప్రశ్న అడగాల్సిందే. తొందరలో పొరపాటు జరిగితే ఆ ఇంట్లో పండగ ఉండదు.

పండగకూ మా వృత్తికీ ఇంకో ముడి ఉంది. మా నాన్న కత్తెరల పొది చంకన పెట్టుకుని వీధి వీధికీ తిరిగి, అరుగుల మీద కూర్చోబెట్టి క్షవరాలు చేసేవారు. చేసినప్పుడల్లా డబ్బు తీసుకునేది లేదు. పంట నూర్చాక కళ్లం దగ్గర రైతు కొలిచి ఇచ్చే ధాన్యం, దాన్ని మేర అనేవారు, అదే మాకు ఏడాది తిండి. సంక్రాంతి అంటే ఆ ధాన్యం ఇంటికొచ్చే రోజులు. ఇచ్చినంతే పుచ్చుకోవాల్సి వచ్చేది, మాకంటూ ఒక రేటు ఉండేది కాదు. ఇప్పుడు గోడ మీద రేట్ల బోర్డు పెట్టుకున్నాను, కటింగు 100, గడ్డం 50. పండగని ఒక్క రూపాయి పెంచను. ఎవరైనా ఇష్టపడి పండగ మామూలు ఇస్తే సంతోషంగా తీసుకుంటాను. అది ఆ పాత మేర లాంటిది కాదు, నా పనికి విలువ కట్టాక పైన ఇచ్చేది.

రాత్రి పదిన్నర దాటాక కొత్త తల ఎత్తుకోను. పొద్దుటి నుంచి నిలబడితే బొటనవేలు మొద్దుబారుతుంది, ఆ చేత్తో ఇంకొకరి గొంతు మీద కత్తి పెట్టకూడదు. అప్పుడొచ్చినవాళ్లకు చెవుల పక్కనా మెడ మీదా ట్రిమ్మర్‌తో శుభ్రం చేసి పంపుతాను, డబ్బు తీసుకోను. పూర్తి కటింగుకు పండగయ్యాక రమ్మంటాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, కుర్రాళ్లు ఎలాగూ ఊళ్లోనే ఉంటారు. ఈసారి కనుమ శుక్రవారం వచ్చింది, శనివారం పట్టింపు లేనివాళ్లు శనివారం వచ్చారు, మిగిలినవాళ్లు ఆదివారం బస్సెక్కే ముందు వచ్చారు. అప్పుడైతే కుర్చీ ఖాళీ, నాకూ తొందర లేదు. ఫోనులో ఆ హీరో ఫొటో ఉంటే తెచ్చుకోండి, మీ జుట్టుకు అందులో ఎంత కుదురుతుందో కూర్చుని చూద్దాం.