బంతికి గట్టిగా, మడమకు మెత్తగా

స్ప్రింగుల పాఠం చెబుతుంటే బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి ఒకతె లేచింది. "సార్, చెక్క నేల మీద ఎంత ఎగిరి దూకినా మోకాళ్ళకు దెబ్బ తెలీదు. అంటే అది మెత్తనే కదా? మెత్తటి నేల మీద బంతి చతికిలబడాలి. మరి కాంక్రీటు మీద లేచినట్టే లేస్తుందేం?"

సరైన చోట పట్టుకుంది. ఇండోర్ స్టేడియంలో అడుగుపెట్టిన ఎవరి చూపైనా పైన మెరిసే చెక్క మీదే పడుతుంది. అమెరికాలోనైతే అది ఎక్కువగా హార్డ్ మేపుల్, సుమారు 20 మిల్లీమీటర్ల మందం. ఆ చెక్కనే నేరుగా కాంక్రీటుకు అతికించారనుకోండి, మనకు దక్కేది చెక్క రంగు కాంక్రీటు. అసలు యంత్రం దాని కింద ఉంటుంది: వరసగా రబ్బరు ప్యాడ్లు, వాటి మీద ఒకదానికొకటి అడ్డంగా పరిచిన రెండు పొరల ప్లైవుడ్, ప్యాడ్ల మధ్య ఖాళీ. ఇదే సబ్‌ఫ్లోర్.

దీని పనితనం కొలిచే పరికరం పేరు 'కృత్రిమ క్రీడాకారుడు'. పేరు చూసి రోబో అనుకునేరు! 20 కిలోల బరువు, ఒక బిరుసు స్ప్రింగు, అడుగున బలాన్ని కొలిచే సెన్సర్, అంతే. బరువును స్ప్రింగు మీదికి 55 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడు వేళ్ళ వెడల్పు నుంచి, వదులుతారు. కాంక్రీటు మీదైతే సెన్సర్ 6,600 న్యూటన్లు చూపిస్తుంది. 670 కిలోల బరువు మోపినట్టు! ఈ దెబ్బ కనీసం 53 శాతం తగ్గాలని జర్మనీ డిన్ 18032 ప్రమాణం అంటుంది. అంటే 3,100 న్యూటన్లకు దిగాలి. అదే ప్రమాణం మరో షరతు పెడుతుంది: బంతిని వదిలితే కాంక్రీటు మీద లేచే ఎత్తులో 90 శాతమైనా ఈ నేల మీద లేవాలి.

రెండూ ఒకే నేలకు ఎలా సాధ్యం? రెండు స్ప్రింగుల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి నొక్కండి. రెండింటి మీదా పడే బలం ఒకటే. కానీ మెత్తటిది ఎక్కువ నలుగుతుంది, శక్తిలో పెద్ద వాటా అదే మింగుతుంది. బిగుసుకుని దిగిన కాలు నేల కన్నా బిరుసు, కాబట్టి దెబ్బను నేల మింగుతుంది. గాలి నింపిన బంతి నేల కన్నా ఎంతో మెత్తన. నేలను తాకిన క్షణంలో బంతి సెంటీమీటర్ల లెక్కన నొక్కుకుపోతుంటే, దాని కింద చెక్క కదిలేది మిల్లీమీటరు లెక్కన. శక్తి దాదాపు అంతా బంతిలోని గాలిలోనే ఉండిపోయి తిరిగి బంతినే లేపుతుంది. మెత్తన, గట్టి అన్నవి నేల ఒక్కదాని గుణాలు కావు, దాన్ని తాకేదాన్ని బట్టి తేలేవి. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇక ప్లైవుడ్ పని వేరు. నవారు మంచం మీద ఒకరు కూర్చుంటే పక్కవాళ్ళు ఆ గుంతలోకి ఒరిగిపోతారు. ఆటలో అలా జరిగితే చీలమండ మెలిపడుతుంది. అందుకే పాదం కింద నేల ఎంత దిగుతుందో, అర మీటరు దూరంలో అందులో 15 శాతానికి మించి దిగకూడదన్నారు. ప్లైవుడ్ బిరుసు మరీ ఎక్కువైతే గుంత దూరం పాకుతుంది, తక్కువైతే పలక ఒక్కచోటే కుంగుతుంది.

పలక వదులైనా, కింద మేకు ఊడినా బంతి శక్తి ఆ కదలికలో కరిగిపోతుంది. అలాంటి చోటును ఆటగాళ్ళు 'డెడ్ స్పాట్' అంటారు. అమెరికాలో బోస్టన్ గార్డెన్ స్టేడియంలో ఓక్ చెక్క ముక్కలతో చేసిన సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు నేల ఇందుకే పేరుమోసింది. డెడ్ స్పాట్లు ఎక్కడున్నాయో సొంత జట్టుకు తెలుసనీ, ప్రత్యర్థిని అటే తోలేవారనీ చెప్పుకునేవారు. నిజమెంతో గానీ కథ బాగుంది.

తర్వాత ప్రమాణాలు వచ్చాయి, 2006లో యూరప్ తన ఈఎన్ 14904 తెచ్చింది, రకాలు పెరిగాయి. ఎంపిక మాత్రం మూడు దారుల్లోనే. నేలను మోసే చెక్క దూలాలను (స్లీపర్లను) కాంక్రీటుకు బిగించేస్తే కదలదు, కానీ మోకాళ్ళకు సుఖం లేదు. ప్యాడ్ల మీద ఊరికే పరిస్తే హాయిగా ఉంటుంది, చవక కూడా. అయితే తేమకు ఉబ్బినప్పుడు పైకి లేచే ప్రమాదం ఉంది. మూడోది ప్యాడ్లు పెట్టి, పైకి లేవకుండా ఉక్కు పట్టీలతో పట్టి ఉంచేది: కిందికి దిగుతుంది, పైకి రాదు. తేమ ఎక్కువుండే కాకినాడ, విశాఖ లాంటి ఊళ్ళకు నా ఓటు దీనికే.

తేమ మాటకొస్తే, 57 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక ఒక్కోటి పావు మిల్లీమీటరు ఉబ్బిందనుకోండి. 15 మీటర్ల కోర్టు వెడల్పులో 260కి పైగా పలకలుంటాయి. అన్నీ కలిసి 65 మిల్లీమీటర్లు! అందుకే గోడల దగ్గర రెండంగుళాల ఖాళీ వదులుతారు, కాంక్రీటు పూర్తిగా ఆరేదాకా ఆగి, పైన పాలిథీన్ షీటు పరుస్తారు. తొందరపడి పచ్చి కాంక్రీటు మీద చెక్క వేస్తే ఎంత ఖరీదైన ప్యాడైనా కాపాడలేదు.

ప్యాడ్ బిరుసు ఆడేవాళ్ళ బరువును బట్టి ఉండాలి. పెద్దలకని పెట్టిన ప్యాడ్ 30 కిలోల పిల్లవాడి కింద సరిగ్గా నలగనే నలగదు. మీ బడికో క్లబ్బుకో నేల వేయిస్తుంటే, అమ్మేవాళ్ళు చూపించే చెక్క ముక్క పక్కన పెట్టి, ప్యాడ్, ప్లైవుడ్, పైచెక్క కలిపి చేసిన పరీక్ష రిపోర్టు అడగండి. విడివిడిగా వాటి అంకెలు చూసి నేల ఎలా ఉంటుందో చెప్పలేం.