చేపల ద్వారా సోకు పరాన్నజీవి: బాగుగా ఉడికించుటయే రక్షణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చెరువు చేప సామాన్యునికి ఆహారము, మత్స్యకారునికి జీవనాధారము. అందువలన మంచినీటి చేపల ద్వారా పక్షులకు, క్షీరదాలకు సంక్రమించే చదును పురుగులను గురించి ఈ ప్రాంత ప్రజలకు అవగాహన అవసరం.

అట్టి పురుగులలో హాప్లార్కిస్ ప్యుమిలియో ఒకటి. ఇది మిల్లీమీటరు కన్నా చిన్నది. పొరుగున ఉన్న విశాఖపట్నంలోని ఒక మంచినీటి వాగులో నత్తలను, చేపలను పరిశీలించి, దీని జీవిత చక్రాన్ని భారతదేశంలో మొదటిసారిగా శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. మలంతో నీటిలో చేరిన పురుగు గుడ్లను నత్తలు మింగుతాయి. నత్తలలో వృద్ధి చెందిన డింభకాలు వెలుపలికి ఈదివచ్చి చేప శరీరంలో ప్రవేశించి, కోశాలుగా నిలిచి ఉంటాయి. ఆ చేపను పచ్చిగా తిన్న కొంగ, కుక్క, పిల్లి లేదా మనిషి ప్రేగులలో అవి పెద్ద పురుగులవుతాయి.

పచ్చి చేప తినే అలవాటున్న ఆగ్నేయాసియా దేశాలలో ఈ పురుగు మనుషులకు సోకింది. ఇదే మార్గంలో అక్కడ సోకే ఒపిస్థార్కిస్ వివెరిని అనే వేరొక పురుగు కాలేయంలోని పిత్తనాళాలలో నివసిస్తుంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో నిర్ధారించింది.

ఉప్పు పట్టించుట, పొగబెట్టుట, పైపైన కాల్చుట నమ్మదగిన రక్షణ కావు. ముల్లు వరకు బాగుగా ఉడికిన చేపల పులుసు వలన ఈ భయం లేదు. కనుక చేపలు తినుట మానవలసిన పనిలేదు. పచ్చి చేపల వ్యర్థాలను కుక్కలకు, పిల్లులకు వేయరాదు. చెరువు గట్లపై మలవిసర్జన చేయరాదు. వ్యాధి సోకినచో వైద్యుని సలహాపై వాడదగిన ప్రాజిక్వాంటెల్ మందు ఉంది.