కండెకు దారం కట్టి కుక్కపిల్ల అంటే

భివండీలో, సోలాపురంలో మన సాంచాల వాడల్లో సాయంత్రం గల్లీలోకి చూడండి. ఖాళీ కండెకు దారం కట్టి ఓ పిల్ల ఈడ్చుకపోతుంటది. "ఏందే అది?" అంటే "మా కుక్కపిల్ల. గట్టిగ మాట్లాడకు, భయపడతది" అంటది. ఆ కండెకు పేరుంటది, ఆకలుంటది, అప్పుడప్పుడు జరం గూడా వస్తది.

దాన్ని అబద్ధం అనుకోవద్దు. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకొని ఆడుకోవడం చిన్నపిల్లల్లో సహజం. ఇంట్ల అందరూ తనకు పని చెప్పేవాళ్లే. తన మాట వినేది, తాను సాకేది ఒకటి ఉండాలని పిల్లకు ఆశ. అందుకే ఊడ్చేటప్పుడు ఆ కండెను చెత్తలో వేయకండి.

మన కష్టం మనకుంది. పది బై పది ఖోలీ, కిరాయి ఇల్లు, రాత్రిపాళీ చేసి పగలు పండుకునే నాయిన. కుక్క పదీ పన్నెండేండ్లు బతుకుతది. తిండి పెట్టాలె, ఏటేటా టీకా వేయించాలె. తేలేమని తెలిసీ "వచ్చే పగారుకు తెస్తా" అనకండి. "మనకు జాగ లేదు బిడ్డా" అని ఉన్నమాట చెప్పండి. ఆ పూట ఏడుస్తది, కానీ రేపు మీరు చెప్పే మాట నమ్ముతది.

కుక్కకు బదులు రామచిలకను పంజరంలో పెట్టి తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకను పెంచడం నేరం.

గల్లీ కుక్కకు రొట్టెముక్క వేయాలంటే పెద్దవాళ్లు పక్కనుండాలె. తినే కుక్కను, పిల్లల తల్లిని ముట్టొద్దని నేర్పండి. తిడతారన్న భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. "కరిచినా, గీరినా చెప్పు, ఏమీ అనను" అని ముందే చెప్పి పెట్టండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. పారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే సర్కారు దవాఖానకు తీసుకపోండి. సూదులన్నీ చెప్పిన తేదీలకే పూర్తి చేయించాలె.

జాగ లేని ఇంట్ల గూడా చేయగలిగింది ఒకటుంది. గోడ మీద మట్టి మూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు నూకలు పెట్టండి. రోజూ కడిగి నీళ్లు మార్చే పని పిల్లకే ఇవ్వండి, లేకుంటే దోమలు పెరుగుతయి. పిచ్చుక వెంటనే రాకపోవచ్చు. వచ్చిన నాడు దానికేం పేరు పెట్టిందో అడగండి.