మూడు పేర్ల గోదావరి

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకున్న వాళ్లలో చాలామంది అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి దాకా వెళ్తారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు చూసి వెనక్కి వస్తారు. నది ప్రయాణం అక్కడితో అయిపోతుంది. దాని పేరు మాత్రం ఇంకా చాలాదూరం వెళ్లింది. 1943లో బ్రిటన్‌లో తయారైన ఓ యుద్ధనౌకకు కృష్ణ పేరే పెట్టారు. మన జిల్లా పేరును ఇంగ్లిషువాళ్లు ఎలా రాసేవారో, ఓడమీదా అలాగే 'కిస్ట్నా' అని రాశారు. స్వాతంత్ర్యం వచ్చాక అదే 'ఐఎన్‌ఎస్ కృష్ణ' అయింది. 1981 వరకూ మన నౌకాదళంలో ఉంది.

అదే ఏడాది 'గోదావరి' అనే ఓడ కూడా నీళ్లలోకి దిగింది. కానీ దానికి ఆ పేరు ఎక్కువకాలం నిలవలేదు. 1947లో దేశంతోపాటు నౌకాదళాన్నీ పంచుకున్నప్పుడు అలాంటి ఆరు ఓడల్లో నాలుగు మనకొచ్చాయి, రెండు పాకిస్థాన్‌కు వెళ్లాయి. కృష్ణ మనకు మిగిలింది. గోదావరి అటు వెళ్లి 'సింధ్' అయింది.

ఖాళీ అయిన ఆ పేరు ఆరేళ్ల తరవాత మరో ఓడకు దక్కింది. అసలు కథ దానిదే.

కాపలా కోసమే పుట్టింది

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు తిండి నుంచి చమురు దాకా చాలా సరకులు సముద్రం మీదే రావాలి. జర్మన్ జలాంతర్గాములు, విమానాలు వాటిని దారిలోనే ముంచేసేవి. సరకు ఓడల పక్కనే ఉండి కాపాడేందుకు చిన్న డెస్ట్రాయర్లు కావాల్సి వచ్చాయి. త్వరగా తయారవ్వాలి, ఖర్చు తక్కువవ్వాలి. అలా వచ్చినవే హంట్ తరగతి ఎస్కార్ట్ డెస్ట్రాయర్లు. మొత్తం 86 కట్టారు. బ్రిటన్‌లో నక్కల్ని వేటాడే బృందాల పేర్లు వాటికి పెట్టారు.

ఆ తొందరలో పొరపాట్లూ దొర్లాయి. మొదట కట్టిన వాటిలో పైబరువు ఎక్కువై ఓడ ఒరిగిపోయే ప్రమాదం కనిపించింది. రెండో రకంలో వెడల్పు పెంచి ఆ లోపం సరిదిద్దారు. పొడవు సుమారు 85 మీటర్లు, ఆరు నాలుగంగుళాల ఫిరంగులు, నూట అరవై మందికి పైగా సిబ్బంది. బలమంతా విమానాల్నీ జలాంతర్గాముల్నీ ఎదుర్కోవడంలోనే. ఇంధనం ఎక్కువ పట్టదు కాబట్టి మహాసముద్రాలు దాటే పనికి సరిపోవు. ఇవి ఎన్నేళ్లు పనిచేస్తాయన్నది అప్పుడెవరూ ఆలోచించలేదు. యుద్ధం గట్టెక్కితే చాలు!

ఇల్లు లేని నావికులు

ఆ రెండో రకం ఓడల్లో ఒకటి 'బెడేల్'. 1941 జులైలో నీళ్లలోకి దిగింది. 1939లోనే దేశాన్ని పోగొట్టుకున్న పోలండ్ నావికులు బ్రిటన్ చేరి పోరాడుతున్నారు. వాళ్లకు ఇలాంటివి మూడు ఇచ్చారు. బెడేల్ 'ష్లోంజాక్'గా మారి 1942 ఏప్రిల్‌లో విధుల్లో చేరింది. సరిగ్గా ఆ నెల ఆరో తేదీనే మన విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం మనకూ ఏమంత దూరంలో లేదన్నమాట.

దాని అక్క 'కుయావియాక్'ది మరీ చిన్న ఆయుష్షు. 1941 జూన్‌లో పోలండ్ జెండా ఎగరేసింది. 1942 జూన్ 16న, మాల్టాకు సరకు ఓడల్ని తీసుకెళ్లి రేవు ముంగిటకు చేరాక మందుపాతర తగిలి మునిగిపోయింది. పదమూడు మంది చనిపోయారు.

దియెప్‌లో ఆ రోజు

రెండు నెలలకు, 1942 ఆగస్టు 19న, ష్లోంజాక్ వంతు వచ్చింది. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరపట్టణం దియెప్ మీద దాడి. వెళ్లిన సైనికుల్లో సుమారు అయిదువేల మంది కెనడావాళ్లు. వాళ్లకు తోడు వెళ్లిన ఎనిమిది హంట్ డెస్ట్రాయర్లలో ష్లోంజాక్ ఒకటి. తెల్లవారకముందే సముద్రం మీద కాల్పులు వినిపించాయి. అవి ఒడ్డు నుంచి వస్తున్నాయనుకుని కెప్టెన్ తిమిన్‌స్కి ఓడను అటు తిప్పలేదు. నిజానికి అక్కడ సైనికుల పడవలు జర్మన్ ఓడలకు ఎదురుపడ్డాయి. ఆ నిర్ణయం మీద విమర్శలొచ్చాయి.

తెల్లవారాక ఒడ్డున జరిగింది మారణకాండే. కెనడా సైనికులు తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ష్లోంజాక్ విమానాలతో పోరాడుతూనే నీళ్లలో కొట్టుకుంటున్న సైనికుల్ని పైకి లాగింది. తోటి ఓడ 'బర్కిలీ' బాంబు దెబ్బకు నిలవలేకపోయింది. ఇక దక్కదని తేలాక తమవాళ్లే టార్పెడో వేసి ముంచేయాల్సి వచ్చింది. విధుల్లో చేరిన రెండేళ్లకే దాని కథ ముగిసింది. ష్లోంజాక్ మాత్రం తిరిగొచ్చింది. 1943లో సిసిలీలో, 1944 జూన్ 6న నార్మండీలో సైన్యం ఒడ్డెక్కినప్పుడూ అండగా నిలిచింది. దాని కెప్టెన్ తరవాతి కాలంలో కెనడాలోనే స్థిరపడ్డారు.

మన పేరుతో మరో జన్మ

1946లో ఓడ బ్రిటన్‌కు తిరిగి వెళ్లి మళ్లీ 'బెడేల్' అయింది. పోరాడిన కాలం మూడేళ్లకు కాస్త ఎక్కువ, అంతే. అక్కడితో తుక్కుకు వెళ్లాల్సిన ఓడ 1953లో మన నౌకాదళంలోకి వచ్చి 'ఐఎన్‌ఎస్ గోదావరి' అయింది. అదే తరగతి ఓడలు మరో రెండు 'గోమతి', 'గంగ' పేర్లతో చేరాయి. స్వతంత్ర భారత నౌకాదళం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. కొత్త ఓడలు సొంతంగా కట్టుకునే రోజులింకా రాలేదు. పాతవే ఆసరా. అలా గోదావరి ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. 1976లో మాల్దీవుల దగ్గర నేలకు తగిలి బాగా దెబ్బతింది. 1979లో తుక్కు కింద విరిచేశారు.

నాలుగేళ్లకే ఆ పేరు మళ్లీ వచ్చింది. ముంబయిలోని మజ్‌గావ్ డాక్‌లో కట్టిన కొత్త 'గోదావరి' 1983 డిసెంబరులో చేరి, 2015 డిసెంబరు 23న సెలవు తీసుకుంది. ఈసారి పేరూ మనదే, కట్టిన చేతులూ మనవే.

ఇంకోసారి హంసలదీవి వెళ్లినప్పుడు, ఆ నీళ్లకేసి చూస్తూ పిల్లలకు ఈ కథ చెప్పండి. ఏడాదికే మునిగిపోయిన అక్కనూ, ఆ పదమూడు మందినీ మాత్రం మర్చిపోవద్దు.